నర్సింగం బావ చీకటి కానూన్లు

మా కథలాపూర్ కల్లు మండువ దగ్గర నిలబడి, నర్సింగం ఎలాంటి మనిషని ఎవరినైనా అడిగి చూడండి. పగలు బంగారం, పొద్దుగూకితే పచ్చి తాగుబోతు అంటారు. పదకొండేళ్ళుగా ఊరంతా ఇదే మాట. శుద్ధ అబద్ధం. నా నలభై ఆరేళ్ళ బతుకులో కల్లు చుక్క గొంతు దిగని మగవాణ్ణి మా ఊళ్ళో ఒక్కణ్ణే చూశాను, అది నర్సింగమే. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత ఉంది కదా. అందరూ ఆ మాటకు భయపడతారు. మా బావ దాన్నే అడ్డం పెట్టుకుని బతికాడు.

నా పేరు కనకయ్య. మండలాఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాదే. నర్సింగం మా మేనత్త కొడుకు, మా చెల్లెలు సుజాతకు మొగుడు. ఎటు లెక్కేసినా బావే. నాకు నోటి దురుసు ఎక్కువని ఊళ్ళో పేరుంది, ఉంటే ఉండనీ. ఈ కథలో తిట్టవలసినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

మా తాత బుచ్చయ్యకు రేచీకటి. పొద్దు వాలగానే ఇంటి ముందరి గద్దె మీద కూర్చున్నాడంటే, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లేపితే తప్ప కదిలేవాడు కాదు. ముసలితనం అనేవారు ఇంట్లో. ముసలితనమే అయితే పదేళ్ళ నర్సింగం బావకు ఎందుకుంది? మాకు జానెడు భూమి లేదు. పటేళ్ళ ఇళ్ళల్లో జీతానికి ఉండి బర్రెలు కాసేవాళ్ళం. సాయంత్రం మేమంతా బర్రెల్ని తోలుకుంటూ వచ్చేవాళ్ళం. బావ మాత్రం ఒక ముసలి బర్రె తోక పట్టుకుని వెనక నడిచి వచ్చేవాడు. "ఓ బావా, నువ్వు బర్రెను తోలుకస్తున్నవా, బర్రె నిన్ను తోలుకస్తున్నదా?" అని పడీ పడీ నవ్వేవాళ్ళం. తనూ నవ్వేవాడు. తోక మాత్రం వదిలేవాడు కాదు.

సుజాతను బావకిచ్చి చేద్దామని మా బాపు అన్న రోజు నాకింకా గుర్తుంది. పొయ్యి ముందు కూర్చుని చెల్లె నాతో మెల్లగా అంది, "అన్నా, తాతకున్నట్టే బావకు గూడ మాపటికి కనవడదు. రేపు పిల్లలకు గూడ అస్తదేమో." నేనేమన్నానో చెప్పనా? "నీ బొంద! బయటోని చేతుల వెట్టి మనం ఏడ్సుకుంట కూసోవాల్నా? మనోడు, మన ఇల్లు. సాలు తీయ్" అన్నాను. పద్దెనిమిదేళ్ళ పిల్లకు తోచింది నాకు తోచలేదా? తోచింది. వినబుద్ధి కాలేదు. మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే, ఎవరూ కొత్త దారి తొక్కలేదు, నేనూ తొక్కనివ్వలేదు.

పెళ్ళయిన రెండేళ్ళకు, స్రవంతి ఇంకా సుజాత కడుపులో ఉండగానే బావ షార్జా పోయాడు. మెడికల్ టెస్టులో పట్టపగలు గోడ మీది అక్షరాలు చదవమంటే ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. పగలు ఆయన చూపుకు వంక లేదు. పెద్ద పెద్ద భవనాలకు ఇనుప పైపులతో పరంజాలు కట్టే పని. చీకటి పడితే క్యాంపులో అడుగులు లెక్కపెట్టుకుని తిరిగేవాడు. గది నుంచి బాత్రూముకు ఇరవై రెండు, మెస్సుకు నూటా ఆరు. ఎనిమిదేళ్ళు అలాగే నెట్టుకొచ్చాడు.

ఆట అక్కడే అంటుకుంది. గదిలో జోయెల్ అని ఫిలిప్పీన్స్ మనిషి ఉండేవాడు. శుక్రవారం సెలవు రోజున మంచాల మధ్య ట్రంకు పెట్టె వేసి, దాని మీద గళ్ళ కాగితం పరిచేవాడు. ఒకడు కథ చెబుతాడు, తక్కినవాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. అందరూ కలిసి సొరంగాల్లోకి దిగుతారు. రాక్షసుడు ఎదురైతే దెబ్బ తగిలిందా లేదా, తాళం ఊడిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. మా సిరిసిల్లవాడు రాకేశ్ కూడా ఆ గదిలోనే ఉండేవాడు, బావను ఆటలోకి లాగింది వాడే.

నువ్వెవరివి అవుతావని మొదటి రోజు జోయెల్ అడిగితే బావకు తెలియలేదు. ఆ ఆటలో కొండ కింద గనుల్లో బతికే పొట్టివాళ్ళుంటారనీ, వాళ్ళకు చీకట్లో కనబడుతుందనీ రాకేశ్ చెప్పాడు. అంతే. ఇంకో మాట వినలేదు. "గదే. నాకు గదే కావాలె" అన్నాడట.

చీకటికి ఆ ఆటలో లెక్కలున్నాయి. వెలుతురు, మసక, కటిక చీకటి అని మూడు. మసకలో మామూలు మనిషి చూపు సగమే; ఏదైనా కనిపెట్టాలంటే పాచిక రెండుసార్లు వేసి తక్కువ పడ్డదే తీసుకోవాలి. కటిక చీకట్లో వాడు గుడ్డివాడు. కొండకింది పొట్టివాడికి మాత్రం కటిక చీకటి కూడా మసకలాగే ఉంటుంది, అరవై అడుగుల దాకా చూడగలడు. కాకపోతే రంగులుండవు, అంతా బూడిద రంగే. "రంగులు లేకుంటె ఏంది బామ్మర్దీ, అరవై అడుగులు!" అని బావ ఫోనులో నాకు చెప్పి మురిసిపోయాడు. పిల్ల తండ్రివి, పాచికలాడుకుంటూ కూర్చున్నావా అని నేను తిట్టాను. ఎందుకు మురిసిపోతున్నాడో అడగలేదు.

ఎండాకాలం అక్కడ మధ్యాహ్నం పని ఆపి సాయంత్రానికి మార్చారు. ఒక మాపటేళ, నిన్నటిదాకా ఉన్న చెక్క అక్కడే ఉందనుకుని కాలు వేశాడు. పగలు ఎవరో దాన్ని జరిపారు. రెండో అంతస్తు నుంచి పడ్డాడు. భుజం విరిగింది, రెండు పక్కటెముకలు విరిగాయి. జాగ్రత్త లేని మనిషని రాసి వీసా రద్దు చేసి పంపించారు. తనకు చీకట్లో కనబడదని బావ మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ జోయెల్ తన పాచికలను ఆస్పత్రికి తెచ్చి చేతిలో పెట్టాడట. అక్కణ్ణుంచి బావ తెచ్చుకున్న సామాను అదే.

వచ్చిన నాలుగో రోజు సాయంత్రం మండువ ముందు మంచం మీద కూర్చున్న భూమన్న పటేల్ మీద నిలువునా పడ్డాడు. ఇక తిట్లే అనుకున్నాను, నేను పక్కనే ఉన్నాను.

"ఏందిరా నర్సింగం, ఇయ్యాల జర ఎక్కువైనట్టున్నది?" అన్నాడు భూమన్న.

బావ మంచం పట్టె పట్టుకుని లేచాడు. "అవ్ పటేలా, జర ఎక్కువనే అయింది" అన్నాడు.

ఒకటే నవ్వులు. ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టుకుని, మోరీ కాలవలో పడకుండా, ఇంటి గడప దాకా దింపిపోయారు. వాళ్ళు వెళ్ళాక బావ నాతో అన్నాడు, "సూసినవా బామ్మర్దీ? తాగినోన్ని పట్టుకచ్చి ఇంట్ల దింపుతరు. గుడ్డోడంటె పనికే పిలువరు." నాకది తెలివైన మాటలాగే అనిపించింది. మొద్దు ముండాకొడుకును.

అప్పట్నుంచి రోజూ ఐదింటికి మండువకు పోయి ఒక సీసా తీసుకునేవాడు. సగం గోడ పక్కన పారబోసి, సగం అంగీ మీద చల్లుకునేవాడు. ఇక ఎవరి మీద పడ్డా, దేనికి తట్టుకున్నా అడిగేవాడు లేడు. పగలు మేస్త్రి దగ్గర గోడ పని, సాయంత్రానికి తాగుబోతు వేషం. ఆ అంగీలు ఉతికింది మా చెల్లె. తను చుట్టిన బీడీలు ఒప్పజెప్పడానికి పోయినప్పుడు తోటి ఆడవాళ్ళు "అయ్యో సుజాతా, నీ రాత" అని జాలిపడితే తల వంచుకుని వచ్చింది మా చెల్లె. కొండగట్టు అంజన్నకు మొక్కి మాన్పించమని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. తాగనివాడికి తాగుడు ఏం మాన్పిస్తారు? కళ్ళకు మంచిదని ఎవరో చెబితే ప్రతి ఆదివారం మేక కార్జం తెచ్చి వండి ఆయన పళ్ళెంలో వేసేది. తనకు ముక్క కూడా ఉంచుకునేది కాదు.

మూడేళ్ళ కింద నేనే బావను జగిత్యాలలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కంట్లో చుక్కలు వేసి, చాలాసేపు చూసి, కార్జంతో, ఆకుకూరలతో పోయేది కాదన్నాడు. కంటి వెనక పొర కొద్దికొద్దిగా చచ్చిపోతోంది. ముందు రాత్రి చూపు పోతుంది, తర్వాత పక్క చూపు, ఆఖరికి పగలు కూడా. మందు లేదు. "మేనరికమా?" అని అడిగాడు. అవునన్నాను. "పిల్లలున్నరా? ఒకసారి తీసుకరాండ్రి" అన్నాడు.

తిరుగు దారిలో కోరుట్లలో బస్సు మారేటప్పుడు బావ అన్నాడు, "నా కండ్లు పోతె పోనీ. స్రవంతికి లేదు బామ్మర్దీ. నేను రోజు సూస్తున్న."

"ఎప్పుడు సూస్తున్నవ్?"

"పొద్దుగూకినంక."

నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. పొద్దుగూకితే కూతురి మొహమే కనబడని మనిషి, కూతురికి కనబడుతోందో లేదో చూస్తున్నాడట. నా మొహం చూసి ఆయనకూ అర్థమైంది. "అయితె నువ్వు సూడు. నీ కండ్లు మంచిగున్నయ్ గద" అన్నాడు. వారం తర్వాత 'చూశాను, పిల్లకు ఏమీ లేదు' అని చెప్పాను. నేను చూడలేదు. చూస్తే కనబడుతుందేమోనని భయపడ్డాను.

స్రవంతి కోరుట్లలో డిగ్రీ చదువుతోంది. కానిస్టేబుల్ కావాలని దానికి ఒకటే పట్టుదల. ఊళ్ళో పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలంతా తెల్లవారుజామున ఐదింటికే గ్రౌండుకు పోతే, ఇది ఏడింటికి పోయేది. "పోలీసు కొలువు ఎండ పొడిచినంక వచ్చేదుంటదా?" అని తిట్టేవాణ్ణి. "సలి మామా" అనేది. ఏప్రిల్ నెలలో చలి ఏమిటని నాకు తట్టలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. రెండేళ్ళుగా ఆదివారం కార్జం ముక్కలు స్రవంతి పళ్ళెంలో కూడా పడుతున్నాయి. చూశాను. అడగలేదు.

కిందటేడు రాకేశ్ సిరిసిల్ల తిరిగొచ్చి సాంచాల మీద బట్ట నేసే పనిలో చేరాడు. ఒకసారి బావను చూడ్డానికి వచ్చి, పాత పాచికలు చూసి, మళ్ళీ ఆడదామన్నాడు. బావ ఎగిరి గంతేశాడు. రెండు ఆదివారాలకు ఒకసారి సాయంత్రం నా షాపులో, జిరాక్స్ మిషను పక్కన టేబుల్ మీద ఆట మొదలైంది. కథ చెప్పేవాడు బావ. జగిత్యాల ఖిల్లా కింద తను కల్పించిన సొరంగాలు, అందులో తన రాక్షసులు. రాకేశ్ కత్తివీరుడు. నేను మంత్రగాణ్ణి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, రెండు వారాలకే నాకు పిచ్చెక్కింది.

స్రవంతిని కూడా రమ్మని బావే పట్టుబట్టాడు. ఎవరివి అవుతావు బిడ్డా అని అడిగాడు.

"నాకు చీకట్ల కనవడే మనిషి కావాలె బాపూ" అంది.

బావ పాచికను చేతిలో చాలాసేపు తిప్పాడు. "సరే. రంగులు కనవడవు మరి" అన్నాడు.

"తెలుసు" అంది.

జోయెల్ లెక్కలకు బావ తనవి కొన్ని కలిపి ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. పైన పెద్ద అక్షరాలతో చీకటి కానూన్లు అని రాశాడు, చీకటి చట్టాలన్నమాట. దాన్ని జిరాక్స్ తీసి అందరికీ ఇచ్చింది నేనే. వెలుతురులో మూడుసార్లు తిరిగిన చోట చీకట్లో నడవడానికి పాచిక వేయనక్కరలేదు. చెయ్యి గోడ మీద ఉన్నంతసేపు దారి తప్పవు. కాగడా పట్టుకున్నవాడికి ఇరవై అడుగులే కనబడతాయి, వాడు మాత్రం చీకట్లో ఉన్న అందరికీ దూరం నుంచే కనబడతాడు. కనబడటం లేదని పైకి చెప్పినవాణ్ణి రాక్షసులు ముందు పట్టుకుంటారు. ఆట కోసం రాసిన మాటలనుకున్నాను. అవి ఆ మనిషి బతుకంతా అని నాకు తెలియడానికి ఇంకా టైం పట్టింది.

ఆటలో కాగడా ఆరిపోయినప్పుడల్లా నేను ట్యూబులైటు ఆర్పేయాలి. మూలన జీరో బల్బు ఒక్కటే ఉంటుంది. ఆ గుడ్డి వెలుగులో మాకు మసకమసకగా కనబడేది, బావకు ఏమీ కనబడేది కాదు, నోటితో కథ నడిపేవాడు. అప్పుడు స్రవంతిని నీళ్ళు తెమ్మనేవాడు. అది లేచి, నాలుగడుగులు వేసి, క్యాను నుంచి గ్లాసు నింపుకుని, దేనికీ తగలకుండా తెచ్చి తండ్రి చేతిలో పెట్టేది. "సూసినవా బావా?" అనేవాణ్ణి నేను గర్వంగా. బావ నీళ్ళు తాగి ఊరుకునేవాడు. మూడుసార్లు తిరిగిన చోటుకు పాచిక అక్కరలేదని రాసినవాడు ఆయనే కదా, ఎలా నమ్ముతాడు?

ఒక ఆదివారం లైటు ఆర్పి ఉండగా స్రవంతి వంతు వచ్చింది. పాచిక వేసి, "పదిహేడు" అంది. రాకేశ్ నవ్వుతూ అన్నాడు, "నర్సన్నా, నీ బిడ్డ అచ్చం నీ లెక్కనే. సూడకుంటనే బొటనవేలుతోని తడిమి చెప్తది." వాడికి ఏ పాపం తెలియదు. బావ చేతిలో ఉన్న నోటుబుక్కు కింద పడింది. ఆ రోజు ఆట త్వరగా ముగించాడు.

తర్వాతి ఆటకు గంట ముందే వచ్చాడు. రాకేశ్, స్రవంతి ఇంకా రాలేదు.

"బామ్మర్దీ, ఇయ్యాల లైటు ఆర్పినంక, నువ్వు ఆ ఇనుప స్టూలును సప్పుడు గాకుంట నీళ్ళ క్యాను తొవ్వల వెట్టు" అన్నాడు.

"ఎందుకు బావా? తట్టుకుంటది గద."

"కనవడితె తట్టుకోదు."

"గిట్ల గాదు బావా. జగిత్యాల తీసుకపోదాం, డాక్టరే సూస్తడు."

"డాక్టరు చెప్పినంక లేదనుకునుడు అయితదా?" అన్నాడు. "ఒక్కసారి ఈడ, నా మనుషుల నడుమ తెలువనీ."

పెట్టకూడదు. పెట్టాను. అప్పుడు పొయ్యి ముందు చెల్లె చెబితే వినని వాణ్ణి, ఇప్పుడు బావ చెబితే విన్నాను. ఎప్పుడు వినాలో ఎప్పుడు వినకూడదో తెలియని చెవులు నావి.

కాగడా ఆరిందన్నాడు. ట్యూబులైటు ఆర్పాను. జీరో బల్బు వెలుగులో స్టూలు నాకు స్పష్టంగానే కనబడుతోంది, రాకేశ్‌కూ కనబడే ఉంటుంది. "బిడ్డా, నీళ్ళు" అన్నాడు బావ. స్రవంతి లేచింది. ఒకటి, రెండు, మూడు. దాని మోకాలు స్టూలుకు కొట్టుకుంది. ముందుకు పడి మిషను అంచుకు మూతి తగిలింది. స్టీలు గ్లాసు దొర్లుతూ గోడ దాకా పోయింది.

"బిడ్డా! ఏడున్నవ్ బిడ్డా?" బావ లేచి రెండు చేతులూ ముందుకు చాపి తడుముకుంటున్నాడు. ఆయన కూడా అదే స్టూలుకు తట్టుకుని పడ్డాడు. "లైటెయ్యి కనకన్నా!" అని రాకేశ్ అరిచాడు. వేశాను.

తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ నేల మీద కూర్చుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. దాని పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారుతోంది.

"స్టూలు ఎవరు జరిపిండ్రు?" అంది.

"నేనే జరుపుమన్న బిడ్డా" అన్నాడు బావ.

"అడిగితె చెప్పకపోదునా బాపూ?"

ఎన్నాళ్ళ నుంచి అని నేను అడిగాను. "పదో తరగతి నుంచి మామా. అవ్వకు తెలుసు" అంది. అవ్వంటే మా చెల్లె సుజాత. చున్నీతో రక్తం తుడుచుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండు. తండ్రి వైపు తిరిగి, నెమ్మదిగా, లెక్క అడిగినట్టు అడిగింది.

"బాపూ, నీకు కనవడకుంటె తాగిన అని చెప్పుకున్నవ్. ఊరు నవ్వి, నిన్ను ఇంట్ల దింపిపోయింది. నేను ఆడపిల్లను. నేనేం చెప్పుకోవాలె?"

బావ కానూన్ల నోటుబుక్కు మూసి, పాచికలు ఏరి సంచిలో వేసుకున్నాడు. రాకేశ్ సిరిసిల్ల బస్సుకు పోయాడు. పోతూ నా కళ్ళలోకి చూడలేదు.

మర్నాడు సోమవారం. సాయంత్రం ఐదు దాటాక బావ ఉతికిన అంగీ వేసుకుని షాపుకొచ్చాడు, కల్లు వాసన లేదు. "నడువు, మండువకు పోదాం" అన్నాడు.

"ఎందుకు?"

"ఉన్నది ఉన్నట్టు నేను ముందుగాల చెప్త. అప్పుడు దానికి చెప్పుకునేటందుకు ఒక మాట దొరుకుతది. మా బాపుకు గూడ ఉన్నది అని చెప్పుకుంటది."

మండువలో పదిహేను మంది దాకా ఉన్నారు. భూమన్న పటేల్ అదే మంచం మీద ఉన్నాడు. బావ ఆయన ముందు నిలబడి చేతులు కట్టుకుని చెప్పాడు, "పటేలా, అందరు జర ఇనుండ్రి. నేను తాగినోణ్ని గాదు. నాకు రేచీకటి. సిన్నప్పటి నుంచి ఉన్నది. పదకొండేండ్లు మీకు అబద్ధం చెప్పిన."

మండువంతా నవ్వు మొదలైంది.

"తాగినోడు ఎవడన్న తాగిన అంటడార?" అన్నాడు భూమన్న. "రోజు నీ అంగి వాసన సూస్తలేమా మేము?"

"నా మూతి వాసన సూడు పటేలా. ఊదుతున్న, సూడు" అని బావ వంగి ఆయన మొహం మీద ఊదాడు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. నవ్వు ఇంకా పెరిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ యవ్వ, మనుషులేనా మీరు? నిజం చెప్తె నవ్వుతరా?" అని అరిచాను. "కనకయ్య గూడ ఇయ్యాల ఏసుకున్నట్టున్నడు" అన్నారెవరో. పదకొండేళ్ళు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన అబద్ధం ఒక్క సాయంత్రం ఊదితే పడుతుందా? బావ భుజాలు వంగిపోయాయి. వెనక్కి తిరిగాడు. చలికాలం కదా, అప్పటికే పొద్దుగూకింది, ఎటు తిరిగాడో ఆయనకే తెలియదు, గోడ వైపు తిరిగాడు. అది చూసి మళ్ళీ నవ్వారు.

కోరుట్ల బస్సు మండువ ఎదురుగానే ఆగుతుంది. స్రవంతి ఎప్పుడు దిగిందో, ఎంతసేపటి నుంచి నిలబడి వింటోందో నేను గమనించలేదు. మా గొంతుల వైపుగా, చెయ్యి కొంచెం ముందుకు పెట్టి, రోడ్డు దాటి వచ్చింది. దాని చెయ్యి నా భుజానికి తగిలి ఆగింది. పెదవి వాచి ఉంది. ఆడపిల్ల మండువలోకి రావడంతో నవ్వులు కొంచెం తగ్గాయి.

"భూమన్న తాతా" అంది. మంచానికి రెండు మూరల ఎడంగా, ఎవరూ లేని చోటు వైపు చూస్తూ అంది. "మా బాపు తాగలేదు. ఆయనకు రేచీకటి. నాకు గూడ గదే ఉన్నది. నువ్వు ఏ రంగు అంగి తొడుక్కున్నవో నాకు ఇప్పుడు తెలుస్తలేదు. నువ్వు ఏడ కూసున్నవో గూడ తెలుస్తలేదు. నేను గూడ తాగి అచ్చిన్నా?"

ఎవరూ నవ్వలేదు. ఎవరో సీసా కింద పెట్టిన చప్పుడు వినబడింది. "నేను ఇటున్న బిడ్డా" అన్నాడు భూమన్న, చిన్న గొంతుతో. అది ఆ గొంతు వైపు తల తిప్పుకుంది.

ఏడింటి పరుగులు, అడుగులు లెక్కపెట్టుకోవడాలు, కార్జం ముక్కలు, నాలుగేళ్ళుగా పిల్ల దాచుకున్నదంతా ఆ ఒక్క మాటతో ఊరి చేతిలో పడింది. కానిస్టేబుల్ కొలువు కూడా అందులోనే పోయింది.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా?" బావ గోడ పట్టుకుని ఏడుస్తున్నాడు. "నీ కొలువు పాయె గద బిడ్డా. నేను చెప్తున్న గద, నేను చెప్తున్న గద!"

"నీ మాట ఎవరు నమ్మలేదు గద బాపూ" అంది.

నేను ఫోనులో టార్చి వేశాను. బావ నా భుజం పట్టుకున్నాడు, స్రవంతి బావ చెయ్యి పట్టుకుంది. ముగ్గురం వరసగా ఇంటి వైపు నడిచాం. కాగడా పట్టుకున్నవాడు అందరికీ దూరం నుంచే కనబడతాడని బావ రాసిన మాట అక్షరాలా నిజం. దారి పొడుగునా గద్దెల మీది వాళ్ళంతా మాటలు ఆపి మమ్మల్నే చూశారు. పదకొండేళ్ళలో మొదటిసారి ఎవరూ "జర ఎక్కువైందా నర్సింగం" అని అడగలేదు. టార్చి ఆర్పేయాలనిపించింది, ఆర్పలేదు. వెలుగు తండ్రీ కూతుళ్ళ కాళ్ళ ముందుకు దించి, "ముందట మోరీ ఉన్నది, మెల్లగ" అన్నాను.